తిమ్మిరెక్కిన మాట

ఆ రోజు పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దుకాణానికి తాళం వేయాలి. వీధి మూల మీదున్న, బీరు అక్కడే కాచి అమ్మే బ్రూపబ్బు దాకా నడవాలి. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయనకు ఎదురుగా కూర్చుని ఒక బర్గర్ తినాలి, తిరిగి రావాలి. ఇదంతా వదినకు తెలియకుండా జరగాలి. కష్టమంతా ఈ చివరి ముక్కలోనే ఉంది.

వదిన చెడ్డమనిషేమీ కాదు. ఆమె మంచితనంతోనే వచ్చింది తంటా. ఎవరైనా ఒకసారి తుమ్మితే రెండు దుప్పట్లు కప్పేది. ఆమె చెవిన ఏ సంగతి పడినా సాయంత్రానికల్లా వీధిలోని వాళ్లంతా దాని మీద సలహాలు మొదలుపెట్టేవాళ్లు. నలభై దాటిన ఆడపడుచు ఎవరితోనో కలిసి భోజనానికి వెళుతోందంటే ఇక చెప్పేదేముంది. అందరూ కలిసి ఆ బర్గర్‌ను నమిలి పెడతారు.

పక్క దుకాణం ఆయనను వీధిలో అందరూ గడియారం గారనే పిలిచేవారు. రెండు దుకాణాలకూ మధ్య ఉన్నది పల్చటి చెక్కల గోడ. ఏళ్ల తరబడి ఆ ఇద్దరూ ఆ చెక్కల గుండానే మాట్లాడుకుంటున్నారు.

"ఇవాళ మిషను మంచి ఊపు మీదుందే. ఎవరివండీ బట్టలు?" అని ఆయన అటునుంచి అడిగేవాడు.

"స్కూలు యూనిఫారాలు. అలుపొస్తోంది. మీ దగ్గర్నుంచి అలికిడే లేదేంటండీ?"

"ఒక చేతిగడియారం అలిగి కూర్చుంది. బుజ్జగిస్తున్నాను."

అంతే. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. కానీ ఆయన దగ్గును బట్టి పొద్దున కాఫీ తాగాడో లేదో ఆమె చెప్పగలదు. ఆమె మిషను చప్పుడును బట్టి ఆమెకు మనసు బాగుందో లేదో ఆయన చెప్పగలడు. అదే బయట ఎదురుపడితే మాత్రం ఆయన తన షట్టరు వైపూ, ఆమె తన షట్టరు వైపూ చూస్తూ, "ఆఁ, వస్తానండీ" అని తప్పుకునేవారు. మంచాన పడిన తల్లికి ఏళ్ల పాటు సేవ చేస్తూ ఆయన పెళ్లి సంగతి మరిచిపోయాడు. ఆమెకు మొదట్లో నాలుగైదు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. తర్వాత అడిగేవాళ్లు లేరు. వద్దన్నవాళ్లూ లేరు.

ఆయన తల్లి పోయి ఏడాది అయింది. నిన్న సాయంత్రం చెక్కల అవతల గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఆ సవరింపు కొత్తగా ఉండటంతో ఆమె మిషను ఆపింది.

"రేపు మధ్యాహ్నం మీకు తీరికేనాండీ? మూల మీద ఆ బ్రూపబ్బు ఉంది కదా. బర్గర్లు బాగుంటాయంటున్నారు. మీతో ఒక మాట చెప్పాలి. గోడ అవతల్నుంచి చెప్పే మాట కాదది."

"అలాగేనండీ," అని ఆమె మళ్లీ మిషను తొక్కింది. కాసేపటికి చూసుకుంటే చేతిలో ఉన్న ప్యాంటుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేసి ఉంది.

ఇక పొద్దున సంగతి. రోజూ మధ్యాహ్నం వదినే క్యారియరు తెచ్చి, ఆమె తినేదాకా దుకాణంలో కూర్చుని, ఖాళీ గిన్నెలు పట్టుకుని వెళ్లేది. కాబట్టి ముందు ఆ క్యారియరును ఆపాలి.

"వదినా, ఈ పూట నాకు భోజనం తేకు," అంది టైలరమ్మ చెప్పులు వేసుకుంటూ, అదేమంత విషయం కానట్టు.

"ఎందుకని?"

ఎందుకో ఆలోచించుకోలేదు. "పన్ను నొప్పిగా ఉంది," అనేసింది.

వదిన చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "ఏ పన్ను?"

"వెనకది."

"ఎడమవైపా, కుడివైపా?"

"ఎడమ."

"నాకు తెలుసు. రాత్రి అన్నమంతా కుడివైపే నమిలావు, నేను చూస్తూనే ఉన్నాను," అని, "ఏమండీ, ఒకసారి ఇటు రండి. అమ్మాయి ఎంత నొప్పి ఓర్చుకుంటోందో చూడండి," అని భర్తను కేకేసింది.

అన్నయ్య డ్రైవింగు మాస్టారు. ఊళ్లో సగం మందికి బండి నేర్పింది ఆయనే. మిగతా సగం మంది తమంతట తాము నేర్చుకున్నారని ఆయనకు చాలా బాధ. చెల్లెలి దవడను ఇంజను చూసినట్లు అటూ ఇటూ తిప్పి చూసి, "పళ్ల డాక్టరు నా శిష్యుడే. పద," అన్నాడు.

"సాయంత్రం వెళ్దాం అన్నయ్యా. పని ఉంది."

"చిన్న చప్పుడు వచ్చినప్పుడే బండి ఆపి చూసుకోవాలి. ఎక్కు."

స్కూటరు మీద అన్నయ్య వెనక కూర్చోవడం ఆమెకు కొత్త కాదు గానీ, ఆ రోజు ప్రయాణం మాత్రం ఓ పట్టాన తెమల్లేదు. ఖాళీ రోడ్డు మీద కూడా ఆయన చెయ్యి చాపి సైగ చేసి మరీ మలుపు తిరిగేవాడు. నడిచేవాళ్లకు ఆగాడు. సైకిలుకు ఆగాడు. రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లికి కూడా ఆగాడు. దారిలో బ్రూపబ్బు వచ్చింది. ఒకప్పుడది టైర్ల గోదాము. ఇప్పుడు అద్దాల వెనక పెద్ద పెద్ద రాగి పీపాలు మెరుస్తున్నాయి, నానిన గింజల వాసన వీధిలోకి వస్తోంది. తలుపు దగ్గర నల్లబల్ల మీద ఎవరో సుద్దతో బర్గర్ బొమ్మ గీస్తున్నారు. ఆమె మెడ తిప్పి, అది కనుమరుగయ్యే దాకా చూసింది.

ముందున్న రోగులందరూ అయ్యి తమ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావచ్చింది. పళ్ల డాక్టరు మాస్టారుని చూడగానే లేచి నిలబడ్డాడు. డ్రైవింగు పరీక్షలో మూడుసార్లు తప్పిన మనిషి. తనకూ ఒక విద్య వచ్చని గురువుగారికి చూపించే అవకాశం ఇన్నాళ్లకు దొరికింది.

"ఎక్కడమ్మా నొప్పి?"

ఆమె ఉజ్జాయింపుగా ఒక పన్ను చూపించింది.

"ఇది గట్టిగా ఉందే," అన్నాడు. ఆమె హమ్మయ్య అనుకుంది. ఆయన చిన్న అద్దాన్ని ఇంకొంచెం లోపలికి తోశాడు. "దీని పక్కది మాత్రం పూర్తిగా పుచ్చిపోయింది."

"అది ఎప్పుడూ నొప్పి పెట్టలేదండీ."

"ఇంకెక్కడి నొప్పమ్మా. అది చచ్చి చాలా కాలమైంది."

"తీసెయ్," అన్నాడు అన్నయ్య, ఎడమకు తిప్పు అన్నంత తేలిగ్గా.

కాదనేలోగా సూది దిగింది. మొద్దుబారేదాకా బయట కూర్చోమన్నారు. అన్నాచెల్లెళ్లిద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. అనుకున్న వేళ దాటుతోంది. ఈ పాటికి ఆయన వెళ్లి కూర్చుని ఉంటాడు. రాలేదని లేచి వెళ్లిపోతే? చెప్పాలనుకున్న ఆ మాటను మళ్లీ లోపల పెట్టేసుకుంటే? ఆయన సంగతి ఆమెకు తెలుసు. దాన్ని బయటికి తీయడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.

అంతలో కిటికీ కింద ఎవరో కారును వెనక్కి తీస్తూ గోడకు ఆనించబోయారు. అన్నయ్య కాసేపు తట్టుకున్నాడు. తర్వాత ఆయన వల్ల కాలేదు. "అలా కాదయ్యా, ముందు స్టీరింగు తిప్పు," అంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె కొంగు సర్దుకుని, వెనక మెట్ల మీదుగా దిగి, నడకకూ పరుగుకూ మధ్యలో ఏదో చేస్తూ బ్రూపబ్బు చేరుకుంది.

గడియారం గారు ఉన్నాడు. ఇస్త్రీ చొక్కాలో, చెక్క బల్ల ముందు, ఎవరో ఫొటో తీస్తున్నంత నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మధ్యలో గోడ లేకుండా ఆయన మొహాన్ని అంతసేపు చూడటం ఆమెకు అదే మొదలు. కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. ఇన్నేళ్లలో ఆ సంగతి తెలియనే లేదు.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అనబోయింది. "ఆలస్యఐంది, ఏ-ఈ అనుకోకండి," అని వచ్చింది.

అప్పుడు తెలిసింది ఆమెకు జరిగిన నష్టం. పైపెదవీ కిందపెదవీ ఒకదాన్ని ఒకటి కలుసుకోవడం మానేశాయి. పెదవులు తగిలితేగానీ పలకని అక్షరాలన్నీ ఎగిరిపోయాయి. ప లేదు, బ లేదు, మ లేదు, వ లేదు. ఇక వీలైనంత తక్కువ మాట్లాడాలని నిశ్చయించుకుని కూర్చుంది. ఆమె బెట్టు చేస్తోందనుకుని ఆయన ఇంకా బెదిరాడు.

"రెండు బర్గర్లు చెప్పానండీ. బీరు కూడా చిన్న గ్లాసులు రెండు. ఇక్కడే కాస్తారట. మీకు ఇష్టం లేకపోతే వద్దు."

ఆమె మర్యాదకు ఒక గుక్క తాగింది. అందులో సగం లోపలికి వెళ్లింది. మిగతా సగం గడ్డం మీదుగా కారుతోందని ఆమెకు తెలియదు. ఆయనకు తెలిసింది. తెలిసి, పెద్దమనిషి తరహాలో రాగి పీపాల వైపు చూపు తిప్పుకున్నాడు. బర్గర్లు వచ్చాయి. పడిపోకుండా పైనుంచి పుల్ల గుచ్చిన పెద్ద బర్గర్లు. అంత నోరు తెరిచే స్థితిలో ఆమె లేదు. ఇష్టంగా వాసన చూసి, పళ్లెం అంచు పట్టుకుని ఊరుకుంది.

ఆయన కూడా తినలేదు. చేతిరుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"మా అక్క రమ్మంటోందండీ. వాళ్ల ఊళ్లో మా మేనల్లుడికి దుకాణం ఉంది. అమ్మ పోయాక ఇక్కడ ఒక్కడివే ఏం చేస్తావంటోంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. వచ్చే వారం దుకాణం ఖాళీ చేస్తున్నాను. మీతో గోడ అవతల్నుంచి చెప్పి వెళ్లిపోతే బాగుండదనిపించింది."

ఆ మాట ఇదన్నమాట. రాత్రంతా ఆమె వందసార్లు ఊహించుకున్న ఆ మాట. ఊహల్లో ఆయన ఏదేదో అన్నాడు గానీ, వెళ్తున్నాననలేదు. వచ్చే వారం నుంచి చెక్కల అవతల ఎవరో ఇంకొకరు ఉంటారు. లేదా ఎవరూ ఉండరు. ఆమె మిషను ఆపితే ఎందుకు ఆగిందని అడిగే దిక్కు ఉండదు. ఉన్న ఓపికంతా పోగుచేసి, "వెళ్లొద్దు మీరు," అంది.

"ఎళ్లొద్దీరు," అని వచ్చింది.

వెళ్లొద్దురు గాని అన్నట్లు వినిపించింది ఆయనకు. మొహం చిన్నబోయింది. అయినా తలూపి, "అలాగేనండీ. వెళ్లొస్తాను," అన్నాడు.

ఆమెకు కంగారు పుట్టింది. వద్దు, వద్దండీ అనడానికి రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగింది. "అద్దు. అద్దండీ," అంది.

ఆయన గ్రహించాడు. పాపం గడ్డం మీద బీరు సంగతి ఆవిడకూ తెలిసినట్లుంది. కాగితం రుమాలు తీసుకుని, ఏ గడియారం ముల్లునూ ముట్టుకోనంత జాగ్రత్తగా ఆమె గడ్డానికి అద్దాడు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ స్పర్శ ఒక్క పిసరు కూడా తెలియలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన చెయ్యి ఇన్నాళ్లకు తాకితే, తాకిన చోటు ఆమెది కాకుండా పోయింది.

వడ్డించే అమ్మాయి అటుగా వచ్చి ఆగింది. "సార్, ఏమీ అనుకోకండి. మేడంగారికి ఇంకో గ్లాసు ఇవ్వలేం."

"ఆవిడ తాగింది ఒక్క గుక్కేనమ్మా."

"అందరూ అలాగే చెప్తారు సార్."

ఆ మాటతో ఆయన ఆమె మొహంలోకి సరిగ్గా చూశాడు. నోరు ఎడమవైపుకు జారి ఉంది. మాట ముద్దగా వస్తోంది. తుడిచినా తెలియలేదు. ఆయన చేతిలోని రుమాలు కింద పడింది. పక్షవాతం వచ్చిన రోజు తన తల్లి మొహం సరిగ్గా ఇలాగే ఉంది.

"ఒకసారి నవ్వండి," అన్నాడు.

వెళ్లిపోతున్నానని చెప్పి నవ్వమంటున్నాడేమిటో ఆమెకు అర్థం కాలేదు. అయినా ఆయన అడిగాడు కదా అని నవ్వింది. సగం మొహమే నవ్వింది.

"చేతులు పైకెత్తండి. రెండూ."

ఎత్తింది. పక్క బల్ల వాళ్లు తినడం మానేసి చూశారు. ఆయన లేచి నిలబడి, ఎన్నడూ ఎవరూ వినని గొంతుతో, "ఇక్కడ డాక్టరు గారెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. తర్వాత ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎత్తిన చేతుల్లో ఒకదాన్ని దింపి పట్టుకున్నాడు.

"భయపడకండి. నేనెక్కడికీ వెళ్లను. అమ్మకి ఇలా అయినప్పుడు పక్కగదిలో గడియారం విప్పుకుంటూ కూర్చున్నాను, ఆలస్యంగా చూశాను. ఈసారి చూశాను. కళ్లు మూయకండి. మీ మిషను చప్పుడు లేకపోతే నాకు చెయ్యాడదు. మీరు జ్వరంతో రాని రోజుల్లో నేను ఒక్క గడియారమూ బాగుచెయ్యలేదు. ఆ చెక్కలు పీకేద్దామని ఎన్నిసార్లు సుత్తి చేతిలోకి తీసుకున్నానో. అడిగితే నవ్వుతారేమోనని పెట్టేశాను. అక్కకి ఏదో ఒకటి చెప్తాను. మీరు బాగైతే చాలు."

పక్క బల్ల వాళ్లు గ్లాసులు కింద పెట్టి వింటున్నారు.

ఒక్క మాటతో ఆమె ఆయన భయం తీర్చగలదు. సూది. ఆ మాటకు పెదవులతో పనే లేదు, శుభ్రంగా పలుకుతుంది. నాలుక చివర సిద్ధంగా ఉంది కూడా. తప్పని తెలుసు. ఆయన మొహం పాలిపోవడం కనిపిస్తోంది. కానీ ఇన్నేళ్లుగా చెక్కల సందుల్లోంచి చుక్క చుక్కగా విన్న గొంతు ఇప్పుడిలా ధారకడుతుంటే అడ్డుపడటానికి మనసు రాలేదు. ఇంకొక్క మాట, ఇంకొక్కటి అనుకుంటూ ఊరుకుంది. ఆ తర్వాత ఆయన కళ్లు తడవడం చూసి, ఇక ఉండబట్టలేక "సూదండీ," అంది.

"చూస్తున్నానండీ, చూస్తూనే ఉన్నాను," అన్నాడాయన.

ఈలోగా వెనక బల్ల దగ్గర్నుంచి ఒక పెద్దమనిషి మూతి తుడుచుకుంటూ లేచి వచ్చాడు. పేషెంటు పారిపోవడంతో తీరిక దొరికి, కాస్త ముందుగా భోజనానికి వచ్చిన పళ్ల డాక్టరు. వంగి, వేలితో ఆమె పెదవి ఎత్తి చూసి, "ఈ నోరు నాదే," అన్నాడు.

"అంటే ఏంటండీ?"

"తిమ్మిరి సూది నేనే వేశాను. పన్ను తీసేలోగా మాయమైంది. మాస్టారు అక్కడ కార్ల కింద కూడా వెతుకుతున్నారు."

"అయితే ఆవిడకి ఏమీ కాలేదా?"

"పన్ను పుచ్చింది. ఇంకేమీ లేదు."

గడియారం గారు మెల్లగా లేచి, ఆమె చెయ్యి వదిలి, మోకాళ్లు దులుపుకున్నాడు. ఆయన మొహంలో ముందు ప్రాణం వచ్చింది, ఆ వెంటనే సిగ్గు వచ్చింది. చుట్టూ చూశాడు. అందరూ ఆయననే చూస్తున్నారు. "కంగారులో ఏదేదో వాగాను. మనసులో పెట్టుకోకండి," అని గొణిగి తలుపు వైపు తిరిగాడు.

తలుపు దగ్గర అన్నయ్యా వదినా నిలబడి ఉన్నారు. చెల్లెలు కనపడటం లేదని అన్నయ్య ఫోను చేస్తే, వదిన వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి వాకబు చేసుకుంటూ వచ్చింది. ఆమె చూపు బీరు గ్లాసు మీద పడి, ఆడపడుచు నోటి మీద ఆగి, గడియారం గారి మీద స్థిరపడింది.

"పన్ను నొప్పన్నావు," అంది. గొంతులో కోపం కన్నా నొచ్చుకోవడమే ఎక్కువగా ఉంది. "నాతో ఒక్క ముక్క చెప్తే నీ చీర నేనే ఇస్త్రీ చేసేదాన్ని కదే."

"మా చెల్లితో మీరేమన్నారండీ?" అని అడిగాడు అన్నయ్య.

గడియారం గారు కింద పడిన రుమాలు కోసం వంగాడు. పక్క బల్ల వాళ్లే పూనుకుని చెప్పారు. మిషను చప్పుడు సంగతి ఒకరు చెప్పారు, సుత్తి సంగతి ఇంకొకరు అందుకున్నారు. జ్వరం సంగతి మరిచిపోయారని వడ్డించే అమ్మాయి గుర్తుచేసింది. వదిన అంతా విని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అయితే ఇప్పుడు వెళ్తున్నారా, ఉంటున్నారా?" అన్నాడు అన్నయ్య. "ఏదో ఒక సిగ్నల్ వెయ్యండి. నడిరోడ్డు మీద అలా ఆగిపోకూడదు."

గడియారం గారు ఆమె వైపు తిరిగాడు. ఈసారి షట్టరు వైపు చూడటానికి అక్కడ షట్టరు లేదు.

"మీరే చెప్పండి," అన్నాడు. "వెళ్లమంటారా?"

ఆమె మాటల కోసం వెతుక్కుంది. వద్దు అంటే మళ్లీ రుమాలు తెస్తాడు. వెళ్లకండి అన్నా చెడిపోతుంది. ప్రేమ, పెళ్లి, మనం, మీరంటే నాకు — మనసులో ఉన్న మాటలన్నిటికీ పెదవులే కావాలి. మొద్దుబారిన నోటితో వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు నెట్టింది. అడుగున ఒక్క మాట మిగిలింది. పెదవులు కలవక్కర్లేని మాట.

"ఉండండి," అంది.

ఒక్క అక్షరం కూడా చెడలేదు. బ్రూపబ్బు చివరిదాకా వినిపించింది.

గడియారం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వదిన ఆమె పక్కన సర్దుకుంది. అన్నయ్య పళ్ల డాక్టరుకు కూడా చోటిచ్చి, ఎవరు ఎటు జరగాలో చెయ్యి చాపి చూపించాడు. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కకు ఏం చెప్పాలో వదిన అప్పుడే చెప్పేస్తోంది. ఆ గొడవలో వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. బర్గర్ మీది పుల్ల తీసి పక్కన పెట్టి, రెండు చేతులా దాన్ని పట్టుకోబోయింది.

"తిమ్మిరి దిగేదాకా ఏమీ తినకూడదు, పెదవి కొరుక్కుంటారు," అన్నాడు డాక్టరు. పిలుపు విని తను వదిలేసి వచ్చిన బర్గర్‌ను అప్పటికే ఎవరో ఎత్తేశారు కాబట్టి, ఆమె పళ్లెం తనవైపు జరుపుకున్నాడు.